పక్కావిడ మొగుడి పేరు

కంటి ఆపరేషన్ అయిన దగ్గర నుంచి ఫోనులో పేర్లు వెతుక్కోవటం కష్టమైపోయిందని మొన్న ఆదివారం మా మనవరాలితో అన్నాను. అది కలకత్తా న్యూటౌన్‌లో ఏదో కంప్యూటర్ కంపెనీలో పని చేస్తుంది. పెళ్ళయి ఇంకా ఏడాది కూడా కాలేదు. సెలవు రోజున మొగుణ్ణి వెంటబెట్టుకుని సంత్రాగాఛిలో మా ఇంటికి వచ్చి, నా చేతి వంట తిని, నాకు తెలియని కొత్త విద్య ఏదో ఒకటి నేర్పి వెళ్ళటం దానికి అలవాటు. ఆ రోజు నా ఫోను తీసుకుని ఏవేవో నొక్కి, ఇక నీ కళ్ళతో పని లేదు అమ్మమ్మా, నోటితో పేరు చెబితే చాలు, ఫోనే కలిపేస్తుంది అంది. నమ్మకం లేకుండానే మా అమ్మాయి పేరు చెప్పాను, కలిసింది. మందుల షాపు అన్నాను, అదీ కలిసింది. నాకు చిన్నపిల్లలా సరదా పుట్టి, ఏ పనీ లేకపోయినా పాలవాడిని కూడా పిలిచి, రేపు అర లీటరు ఎక్కువ పొయ్యమని చెప్పి పెట్టేశాను. అప్పుడది, సరే, ఇప్పుడు తాతయ్యకి చెయ్యి అంది.

మా వారు సాయంత్రం నడకకి రైల్వే యార్డు వైపు వెళ్ళి ఉన్నారు. నేను ఫోను నోటి దగ్గర పెట్టుకుని ఆగిపోయాను. ఫోను ఎదురుచూస్తోంది, మనవరాలు ఎదురుచూస్తోంది, దాని మొగుడు పకోడీ చేతిలో పట్టుకుని తినటం మానేసి మరీ ఎదురుచూస్తున్నాడు. పిల్ల ముఖంలో రంగు మారింది. ఈ మధ్య కళ్ళజోడు ఎక్కడ పెట్టానో మర్చిపోతున్నాను కదా, ఇప్పుడు ఏకంగా తాతయ్య పేరే మర్చిపోయాననుకున్నట్టుంది. నా చెయ్యి పట్టుకుని, చంటిపిల్లని అడిగినట్టు మెల్లిగా, "తాతయ్య పేరు ఏటి అమ్మమ్మా?" అని అడిగింది. నాకు నవ్వు ఆగలేదు. నవ్వుతూ నవ్వుతూనే ఎందుకో గంగకి అవతల మెటియాబ్రుజ్‌లో, కుట్టు మిషన్ల చప్పుడు మధ్య, చాపల మీద కూర్చుని నోరు మెదపని ఆడవాళ్ళందరూ ఒక్కసారిగా కళ్ళ ముందుకు వచ్చేశారు.

నా ఈడు వాళ్ళకి దీని గురించి విడమర్చి చెప్పనక్కరలేదు. మనం మొగుడి పేరు నోటితో అనేవాళ్ళమా! ఏమండీ అన్నాం, ఇదిగో అన్నాం, పిల్లలు పుట్టాక వాళ్ళ నాన్నగారు అన్నాం, ఎవరైనా మరీ గుచ్చి గుచ్చి అడిగితే పక్కనున్న వాళ్ళ వైపు చూశాం. ఎవరూ కూర్చోబెట్టి నేర్పింది కాదు, అమ్మని చూసి పమిట సర్దుకోవటం నేర్చుకున్నట్టే ఇదీ నేర్చుకున్నాం. ఇంత చిన్న సంగతి ఒకప్పుడు నా ఇంగ్లీషు క్లాసుకి ఎసరు పెట్టిందంటే, ఆ తరవాత ఒక రోజు ఒక మనిషి ప్రాణం దాకా వచ్చి నిలబడిందంటే, ఇప్పటి పిల్లలు నమ్ముతారా అని నాకు అనుమానం.

మాది విజయనగరం. ఇంగ్లీషు ప్రధానంగా బి.ఎ. చదివి, టీచరు ట్రైనింగు కూడా అయ్యాక పెళ్ళయి, రైల్వేలో పని చేసే మా వారి వెంట సంత్రాగాఛి క్వార్టర్సుకి కాపురానికి వచ్చాను. దేశం కాని దేశం పోతోందని మా మేనత్త స్టేషనులో నన్ను పట్టుకుని ఏడ్చింది. అప్పట్లో కలకత్తా అంటే మా వాళ్ళ లెక్కలో రంగూను పక్క వీధిలో ఉన్నట్టే. నిజం చెప్పాలంటే నాకూ మొదట్లో అది పరాయి దేశంలాగే ఉండేది. బెంగాలీ ఒక్క ముక్క రాదు, ఆవనూనె వాసన పడదు, పొద్దున్నే వచ్చే కూరలవాడికి వంకాయ కావాలని చెప్పటానికి వంకాయనే వేలితో చూపించాలి. స్కూళ్ళలో ఉద్యోగం అడగబోతే బెంగాలీ రాని టీచరు మాకెందుకన్నారు. చదివిన చదువంతా సర్టిఫికెట్లతో పాటు ట్రంకు పెట్టెలో పడుకుంది. ఆ దిగులులో ఉండగా మా వారి స్నేహితుడి బావగారు ఒకాయన, మెటియాబ్రుజ్‌లో మన రేవు పనివాళ్ళకి పెద్ద దిక్కుగా ఉండే మనిషి, ఇంటికి వచ్చి, మా ఆడవాళ్ళకి ఇంగ్లీషు చెబుతావా తల్లీ అని అడిగారు.

రేవు పనివాళ్ళ ఆడవాళ్ళకి ఇంగ్లీషేమిటని నేను తెల్లబోయాను. వాళ్ళందరూ తాతల నాడు శ్రీకాకుళం తీరం నుంచి వచ్చి అక్కడ కుదురుకున్న కుటుంబాలు. మగవాళ్ళు ఓడల్లో సరుకు ఎక్కించటం, దింపటం చేసేవారు. ఆడవాళ్ళు బజారులో బెంగాలీ, హిందీ దంచేసేవారు, చేపల బేరంలో దాదా, దాదా అంటూనే అవతలివాడికి చుక్కలు చూపించేవారు. వాళ్ళకి రానిదల్లా ఇంగ్లీషు. ఆ దగ్గరలో కొత్తగా పెట్టిన ఇంగ్లీషు మీడియం స్కూల్లో పిల్లని చేర్చుకునే ముందు తల్లిని కూడా కూర్చోబెట్టి, నీ పేరేమిటి, నీ భర్త పేరేమిటి, ఆయన ఏం చేస్తారు అని నాలుగు ముక్కలు ఇంగ్లీషులో అడుగుతారట. జవాబు చెప్పలేని తల్లి పిల్లకి సీటు లేదట. అప్పటికే ఇద్దరు ముగ్గురు తల్లులు వెళ్ళి, నోరు తెరవకుండా కూర్చుని, కళ్ళనీళ్ళు పెట్టుకుని తిరిగి వచ్చారు. ఆ మాట వినగానే నేను ఒప్పేసుకున్నాను. ఇంగ్లీషు నేర్పటం నాకు వచ్చు, ఇక కావలసిందేముంది అనుకున్నాను.

మధ్యాహ్నం వంటలయ్యాక సంత్రాగాఛిలో బస్సెక్కి గంగ ఒడ్డుకి చేరి, అక్కడి నుంచి లాంచీలో అవతలి రేవుకి దాటి వెళ్ళేదాన్ని. క్లాసు వాళ్ళ సంఘం గదిలో. ఒక మూల పండగలకి వాడే డప్పులు, మడతపెట్టిన షామియానా, మరొక మూల నా నల్లబల్ల. గోడ అవతల దర్జీల కారఖానా ఉండేది, మిషన్లన్నీ ఒక్కసారి నడిస్తే రేకుల మీద వాన పడ్డట్టు చప్పుడు. మొదటి రోజు, మై నేమ్ ఈజ్ అని చెప్పించాను. సిగ్గుపడుతూనైనా అందరూ చెప్పారు. అందరిలోకీ మేస్త్రీ గారి కోడలు బాగా చెప్పింది. రేవు ముఠా మేస్త్రీకి పెద్ద కోడలు ఆవిడ, ఇంకా పాతికేళ్ళు రాలేదు, ఖంగుమనే గొంతు. కూతుర్ని ఆ స్కూల్లో వెయ్యాలన్న పట్టుదల ఆవిడకి ఉన్నంతగా ఇంకెవరికీ లేదు. సంబరపడి పోయి నేను బోర్డు మీద రెండో వాక్యం, మై హస్బెండ్స్ నేమ్ ఈజ్ అని, చివర మా వారి పేరు కూడా రాసి, ఊఁ, ఇప్పుడు మీరు చెప్పండి అన్నాను.

గదిలో మిషన్ల చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. బతిమాలాను, నవ్వించబోయాను, ఆఖరికి కొంచెం కసిరాను కూడా. మేస్త్రీ కోడలు పమిట కొంగు పళ్ళ మధ్య పెట్టుకుని తల దించేసుకుంది. తప్పు మాట్లాడితే నవ్వుతారని భయమేమో, ఉచ్చారణ కష్టంగా ఉందేమో అనుకుని, నేను వాక్యాన్ని ముక్కలు ముక్కలు చేసి మళ్ళీ మళ్ళీ చెప్పాను. మర్నాడు వెళ్ళి చూస్తే సగం చాపలు ఖాళీ. ట్రైనింగులో నేర్చుకున్న పద్ధతులన్నీ ఒకటొకటిగా ప్రయోగించాను. ఉన్న సగం మంది కూడా నా మీద జాలిపడి కూర్చున్నారే గాని నోరు విప్పలేదు. ఇంగ్లీషు అంటేనే వీళ్ళకి భయం, ఇది నా వల్ల కాదు అని నిర్ణయించేసుకున్నాను.

ఆ సాయంత్రం క్లాసులో అందరికంటే పెద్దావిడ, వాడంతా పెద్దత్త అని పిలిచే మనిషి, నన్ను లాంచీ ఎక్కించటానికని రేవు దాకా వచ్చింది. నోటి నిండా తాంబూలం. ఒడ్డుకి పోయి ఉమ్మి వచ్చి, అప్పుడు చెప్పింది. "పంతులమ్మా, ఆ బాసకి బయపడి కాదు. పెనిమిటి పేరు ఆడది నోటితో అంటే ఆయుస్సు తగ్గిపోద్ది. మా మొగోళ్ళు క్రేను కిందన పని సేసే మనుసులు. ఆళ్ళు ఇంటికొచ్చీదాకా మేం నోరు కట్టుకునే ఉండాల."

నేను చదువుకున్నదాన్ని కదా, అదంతా ఉత్త నమ్మకమనీ, పేరు అంటే ప్రాణం పోవటమేమిటనీ, చక్కని తెలుగులో ఒక ఉపన్యాసం ఇచ్చాను. పెద్దత్త అంతా శ్రద్ధగా విన్నది. విని, "మరి తమరు బోర్డు మీద రాసినారు గానీ, నోటితో అన్నారేటి?" అంది. నిజమే, అనలేదు. రాశాను, చేత్తో చూపించాను, అంతే. ఇప్పుడంటాను చూడు అని నోరు తెరిచాను. లాంచీ వచ్చింది, జనం దిగారు, జనం ఎక్కారు, నా నోరు తెరిచినట్టే ఉండిపోయింది. పెద్దత్త నవ్విన నవ్వుకి రేవులో నలుగురూ ఇటు తిరిగి చూశారు. నాకు ఉక్రోషం వచ్చింది, నవ్వూ వచ్చింది. లాంచీలో కూర్చున్నాక మాత్రం క్రేను కింద నిలబడ్డ మనుషులే కళ్ళలో మెదిలారు.

దారి చూపించింది మా క్వార్టర్సు పక్కావిడ. ఆ వారంలోనే రేషను షాపులో మా వారి పేరు అడిగితే, ఎప్పటిలాగే నేను వెనక్కి తిరిగాను, ఎప్పటిలాగే వరసలో నా వెనక ఉన్న ఆవిడ ఠక్కున చెప్పేసింది. ఆవిడ వంతు వచ్చినప్పుడు వాళ్ళాయన పేరు నేను చెప్పాను. ఇన్నాళ్ళూ ఇలాగే జరుగుతోంది, అయినా నా బుర్రకి తట్టలేదు. గోధుమల సంచీ ఇంట్లో పడేసి, పరుగున లాంచీ రేవుకి పోయాను.

ఆ రోజు బోర్డు మీద పాత వాక్యం చెరిపేసి, హర్ హస్బెండ్స్ నేమ్ ఈజ్ అని రాశాను. ఎవరి మొగుడి పేరు వాళ్ళు చెప్పనక్కరలేదు, పక్కావిడ మొగుడి పేరు చెప్పండి అన్నాను. ఒక్క క్షణం ఆలోచించి, ఇందులో దోషమేమీ లేదని పెద్దత్త తల ఊపింది. ఇక చూసుకోండి! నేను ఎవరినైనా వేలితో చూపిస్తే చాలు, మిగిలిన గది మొత్తం ఆవిడ మొగుడి పేరుతో మారుమోగిపోయేది. ఆ పేరు గలావిడ ముఖం చేతుల్లో దాచుకుని నవ్వేది. మేస్త్రీ కోడల్ని చూపించినప్పుడు అరుపు మరీ ఎక్కువగా ఉండేది, ఎందుకంటే ఆ నవ్వు చూడటానికి అందరికీ ఇష్టం. ఆవిడ మొగుడి పేరు అప్పలస్వామి. నేను ఆయన భార్యని కాను కాబట్టి నేను చెప్పొచ్చు.

ఇంకొకావిడ సంగతి కూడా ఇక్కడ చెప్పాలి. ఆవిడ భర్త బంగారయ్య. ఆ పాపానికి ఆవిడ పెళ్ళయిన దగ్గర నుంచి బంగారం అన్న మాటే అనకుండా, మెళ్ళో పుస్తెని కూడా పసుపు సరుకు అంటూ బతుకుతోంది. ఇంగ్లీషులో దాన్ని గోల్డ్ అంటారని చెప్పగానే, ఆ మాట అనొచ్చా అని పెద్దత్తని అడిగి, అనొచ్చనిపించుకుని, ఆ సాయంత్రమంతా గోల్డ్, గోల్డ్ అని తిరిగింది. ఇంగ్లీషు వల్ల మనిషికి ఇంత విడుదల దొరుకుతుందని మా ప్రొఫెసర్లు ఎవరూ నాకు చెప్పలేదు.

అయితే ఒక చిక్కు ఉండిపోయింది. అందరూ కలిసి అరవటమే గాని, ఒక్కర్తిని నిలబెడితే మళ్ళీ పాత మౌనమే. స్కూల్లో తల్లి ఒంటరిగా కూర్చోవాలి కదా, అక్కడ పక్కావిడ ఎక్కడి నుంచి వస్తుంది? మేస్త్రీ కోడలు రోజూ నన్ను ఇదే అడిగేది.

అలా ఉండగా ఒక మధ్యాహ్నం క్లాసు మధ్యలో రేవు నుంచి ఒక పనివాడు ఆయాసపడుతూ వచ్చాడు. ఓడ నుంచి సరుకు దింపుతుండగా గొలుసు తెగి మూట కింద ఉన్నవాళ్ళ మీద పడిందట. కొందరికి దెబ్బలు తగిలాయట, అప్పలస్వామి తలకి బాగా తగిలిందట, అందరినీ పెద్దాసుపత్రికి తీసుకుపోయారట. మేస్త్రీ కోడలు కేక పెట్టలేదు, ఏడవలేదు. లేచి, చెప్పులు కూడా వేసుకోకుండా బయటికి నడిచింది. ఆవిడ వెనక మేమందరం. బస్సులో పెద్దత్త ఆవిడ చెయ్యి వదలలేదు. ఆవిడ కొంగు నోట్లో పెట్టుకుని, పెదవులు గట్టిగా బిగించుకుని కూర్చున్న తీరు చూసి, ఏ మాట బయటికి రాకుండా కాపలా కాస్తోందో నాకు అర్థమైంది.

ఆసుపత్రి దగ్గర జనం విరగబడి ఉన్నారు. ఇనుప కటకటాల తలుపు దగ్గర కాపలావాడు ఇంటికి ఒక్కరినే లోపలికి వదులుతున్నాడు. మేస్త్రీ కోడల్ని వదిలాడు, మమ్మల్ని ఆపేశాడు. తలుపు ఊచల్లోంచి మాకు లోపలి కిటికీ, కిటికీ వెనక గుమాస్తా కనిపిస్తున్నారు. ఆవిడ వంతు వచ్చింది. "పేషెంటేర్ నామ్?" అని అడిగాడు గుమాస్తా. రోగి పేరు చెప్పమని. ఆవిడ చూస్తూ నిలబడింది. "నామ్ బోలున్, దీదీ," అన్నాడు మళ్ళీ, ఈసారి కొంచెం గట్టిగా. ఆవిడ వెనక్కి తిరిగింది. పక్కావిడ కోసం వెతికింది. పక్కన ఉన్నది ఎవరో ముక్కూ మొహం తెలియని మనిషి. గుమాస్తా చెయ్యి ఊపి తరవాతి వాళ్ళని పిలిచాడు, జనం ఆవిడని పక్కకి తోసేశారు. చెప్పు తల్లీ, ఒక్కసారికి ఏమీ కాదు, చెప్పు అని నేను లోపల్లోపల మొత్తుకుంటున్నాను. ఆయనకి ప్రాణం మీదికి వచ్చిన రోజునే, ఆ ప్రాణాన్ని తగ్గించే మాట అనమని ఆవిడని లోకమంతా అడుగుతోందన్న సంగతి నాకు ఆ క్షణాన తోచలేదు.

అప్పుడు నా పక్క నుంచి పెద్దత్త ఊచలు రెండు చేతులతో పట్టుకుని, తాంబూలం నోటితో, ఎలుగెత్తి అరిచింది. "హర్ హస్బెండ్స్ నేమ్ ఈజ్ అప్పలస్వామి!"

మరుక్షణం మా క్లాసు మొత్తం అందుకుంది. గోల్డ్ ఆవిడ, ఆవిడ తోడికోడలు, స్కూలు నుంచి ఏడుస్తూ తిరిగి వచ్చిన తల్లులు, ఒంటరిగా నిలబెడితే నోరు విప్పని వాళ్ళందరూ, హర్ హస్బెండ్స్ నేమ్ ఈజ్ అప్పలస్వామి అని ఆ ఆవరణ దద్దరిల్లేట్టు ఇంగ్లీషులో అరిచారు. కాపలావాడు బెదిరిపోయాడు. గుమాస్తా కలం పట్టుకుని లేచి నిలబడ్డాడు. లోపలి నుంచి ఒక నర్సు వచ్చి, ఎవరు ఆ ఇంగ్లీషు మాట్లాడేది, డాక్టరుగారికి ఆ మనిషి మాట తెలిసినవాళ్ళు కావాలి, రమ్మంది. అందరూ కలిసి నన్ను తోశారు. అలా నేను ఆవిడ వెంట వార్డులోకి వెళ్ళగలిగాను.

అప్పలస్వామి తలకి కట్టుతో, కళ్ళు మూసుకుని పడి ఉన్నాడు. డాక్టరు కుర్రవాడే, ముఖం అలసిపోయి ఉంది. మనిషికి తెలివి ఉందో లేదో తేల్చుకోవాలి, మేం పిలిస్తే పలకటం లేదు, ఆయన్ని పేరు పెట్టి గట్టిగా పిలవమని భార్యకి చెప్పండి అని నాతో ఇంగ్లీషులో అన్నారు. అప్పటికే నర్సు బెంగాలీ యాసలో పిలిచి పిలిచి వదిలేసింది. నేను కూడా వంగి, అప్పలస్వామీ అని శుభ్రంగా మన తెలుగులో పిలిచాను. కనురెప్ప కదలలేదు. నేను ఆవిడ వైపు తిరిగి డాక్టరు మాట చెప్పాను. ఆవిడ నా వైపు చూసిన చూపు నేను ఇప్పటికీ మర్చిపోలేదు. అంటే ఆయుష్షు తగ్గుతుంది, అనకపోతే ఆయన లేవడు. పేరు అనమని ఇంకోసారి చెప్పటానికి నాకు నోరు రాలేదు.

ఆవిడ మంచం పక్కన నేల మీద కూర్చుంది. నోట్లోంచి కొంగు తీసింది. ఆయన చెవి దగ్గరికి వంగి, రోజూ ఇంట్లో పిలిచేటట్టే, కొంచెం విసుగ్గా కూడా, "ఏటయ్యా, పొద్దెక్కిపోనాది. డూటీకి టైమైపోనాది, లెగు," అంది.

ఏమీ కాలేదు. మళ్ళీ అంది, ఈసారి భుజం తడుతూ. "ఏటయ్యా! నిన్నే. లెగవా?"

ఆయన నుదురు ముడిపడింది. పెదవులు కదిలాయి. రోజూ పొద్దున్న పలికేటట్టే, కళ్ళు తెరవకుండానే, "ఆఁ, లెగుతన్నా," అన్నాడు.

ఆవిడ అప్పుడు ఏడ్చింది. నేనూ ఏడ్చాను, దాచుకోవటమెందుకు. డాక్టరు ముఖం విప్పారింది. కాగితం మీద ఏదో రాసుకుంటూ, పేరు పెట్టి పిలిచిందా అని నన్ను అడిగారు. నేను నా బి.ఎ. ఇంగ్లీషంతా కూడగట్టుకుని, అవును డాక్టర్, ఆయన పేరుతోనే పిలిచింది అన్నాను. అది అబద్ధమని నాకు అప్పుడూ అనిపించలేదు, ఇప్పుడూ అనిపించదు.

అప్పలస్వామి బతికాడు. ఒక కాలు కొంచెం ఈడ్చేవాడు, ఆ తరవాత క్రేను కిందకి పంపకుండా గోడౌన్‌లో తేలిక పని ఇచ్చారు. స్కూలు సంగతి అంటారా, మేస్త్రీ కోడలు స్కూలు వాళ్ళని ఒప్పించి పెద్దత్తని వెంటబెట్టుకునే లోపలికి వెళ్ళింది. భర్త పేరు అడిగితే పెద్దత్త చెప్పింది, మిగిలినవన్నీ ఆవిడే ఖంగుమంటూ చెప్పింది. ప్రిన్సిపాలు గారికి సంగతి తెలిసి నవ్వి, తరవాత వచ్చిన మన తల్లులందరినీ జంటలుగానే కూర్చోబెట్టారు. పిల్లకి సీటు వచ్చింది. ఆ పిల్ల ఇప్పుడు బడ్జ్ బడ్జ్‌లో తనే ఒక స్కూల్లో ఇంగ్లీషు చెబుతోంది, ఎప్పుడైనా ఫోను చేస్తుంది, తెలుగులో మొదలుపెట్టి బెంగాలీలో ముగిస్తుంది.

తరవాత తరవాత రేవులో మనుషులు చేసే పని పెద్ద పెద్ద యంత్రాలు చెయ్యటం మొదలుపెట్టాయి, ముఠాలు పలచబడ్డాయి, కుటుంబాలు ఎటు పని దొరికితే అటు వెళ్ళిపోయాయి. పెద్దత్త పోయింది. అప్పలస్వామి పెద్దవాడై, మనవల్ని ఎత్తుకుని, అప్పుడు పోయాడు. పలకరించటానికి వెళ్ళినప్పుడు మేస్త్రీ కోడలు, ఆవిడా ముసలిదైపోయింది, నా చెయ్యి పట్టుకుని, "ఇప్పుడనొచ్చు గదా పంతులమ్మా, గానీ అలవాటు లేదు, నోటికి రావటం లేదు," అంది.

ఇవన్నీ చెప్పేసరికి మొన్న ఆదివారం పకోడీలు చల్లారిపోయాయి. మనవరాలు వింటూ వింటూ మొగుడి భుజం మీద తల పెట్టుకుంది. అది వాణ్ణి పేరు పెట్టే పిలుస్తుంది, కోపం వస్తే ఆ పేరునే ముక్కలు చేసి మరీ పిలుస్తుంది, వాడు నవ్వుతూ పలుకుతాడు. వాళ్ళ చనువు చూస్తే నాకు ముచ్చటగానే ఉంటుంది, అలా కాకుండా ఉండాలని నేను ఎన్నడూ అనుకోను. పేరు అంటే ఆయుష్షు తగ్గుతుందన్న భయంలో ఏ ఆడపిల్లా బతకక్కరలేదు. కాని ఊరందరూ పిలిచే పేరు ఒకటీ, నేనొక్కదాన్నే పిలిచే పిలుపు ఒకటీ, ఒకే మనిషికి రెండు ఉండేవి మా కాలంలో. ఆ రెండోది మాతో పాటే వెళ్ళిపోతోంది. దాన్ని తలచుకుంటే మాత్రం నాకు దిగులుగా ఉంటుంది.

వెళ్ళే ముందు పిల్ల నా ఫోను మళ్ళీ తీసుకుంది. దానికి తెలుగు రాయటం సరిగా రాదు, తాతయ్య నంబరు దగ్గర ఇంగ్లీషు అక్షరాల్లోనే ఏదో కొట్టి నా చేతికిచ్చి, ఇప్పుడు పిలువు అమ్మమ్మా, నువ్వు రోజూ ఎలా పిలుస్తావో అలాగే అంది. నేను ఫోను నోటి దగ్గర పెట్టుకున్నాను. పిల్లల ముందు కొంచెం సిగ్గేసింది. కాసేపటి క్రితం చెప్పిన కథ వల్లనేమో, ఒక రోజు నేను ఇలా పిలుస్తాను, అవతల పలికేవాళ్ళు ఉండరు, లేకపోతే పిలవటానికి నేనే ఉండను, అన్న ఆలోచన కూడా వచ్చింది. వచ్చినదాన్ని రానిచ్చి, "ఏమండీ," అన్నాను.

ఫోను ఒక్క క్షణం ఆలోచించింది. తరవాత మోగటం మొదలుపెట్టింది. అవతల రైల్వే యార్డులో ఏదో బండి శబ్దం, ఆ శబ్దం మీదుగా ఆయన గొంతు.

"ఆఁ, వస్తున్నా."